గీత ఉన్న మాత్ర

“మీ అబ్బాయి తన మాత్రలు ఎవరికైనా ఇస్తాడా, అలీ గారూ?”

కుర్చీ అంచున కూర్చున్న అలీ తలెత్తి డిటెక్టివ్ సాలేహా వంక చూశాడు. పొద్దున్నుంచి పోలీసులు అడుగుతున్న ప్రశ్నే ఈవిడ కూడా అడిగిందన్న బాధ అతని ముఖంలో కనబడింది. అయినా విసుక్కోలేదు. వన్‌టౌన్‌లో మోటారు పంపుల సామాను అమ్మే మనిషి. అడిగిందే పదిసార్లు అడిగినా ఓపిగ్గా జవాబు చెప్పడం అతనికి అలవాటు.

“ఇవ్వడు మేడమ్. చిన్నప్పుడే వాడికి ఫిట్స్ పట్టుకున్నాయి. అప్పట్నుంచీ మా ఇంట్లో ఒకటే మాట. మందు పట్టీలోనే ఉండాలి, పట్టీతోపాటు డాక్టర్ చీటీ ఉండాలి. మనది ఎవరికీ పెట్టకూడదు, ఇంకొకరిది మనం మింగకూడదు. వాళ్లమ్మ చెప్పీ చెప్పీ ఇప్పుడు వాడే మాకు చెప్తున్నాడు. మొన్న నాకు నడుం పట్టేస్తే పక్క షాపాయన ఏదో మాత్ర ఇచ్చాడు. వేసుకోబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు.”

 తర్వాత జరిగిందంతా చెప్పుకొచ్చాడు.

అతని కొడుకు అర్హాన్, మైలవరం కుర్రాడు సాయిగణేష్ ఒకే ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్నారు. పటమటలో ఒక ఇంటి మేడ మీద గది తీసుకుని కలిసే ఉంటున్నారు. ఈరోజు వాళ్లకు సెమిస్టర్ పరీక్ష. తెల్లవారుజామున అర్హాన్ నమాజుకు వెళ్లి వచ్చేసరికి సాయిగణేష్ గది గుమ్మంలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. అర్హానే అతన్ని భుజాన వేసుకుని కిందికి దించి, ఆటోలో ఆస్పత్రికి చేర్చాడు. ఆస్పత్రి వాళ్లు పోలీసులకు కబురు చేశారు. సీఐ రామకోటేశ్వరరావు వచ్చి గది వెతికితే అర్హాన్ పెట్టెలో ఫిట్స్ మాత్రలు దొరికాయి. పైగా ఇంటి యజమానురాలు ఆదెమ్మ, నిన్న సాయంత్రం ఆ ఇద్దరూ గొడవ పడ్డారనీ, “అది మింగితే చస్తావురా” అని అర్హాన్ అరవడం తన చెవులతో విన్నాననీ చెప్పింది. అంతే. పరీక్షకు వెళ్లాల్సిన కుర్రాడు స్టేషన్‌కు వెళ్లాడు.

“డాక్టర్ చీటీ చూపించాడట మేడమ్. చూపిస్తే, అయితే ఏ మాత్ర ఏం చేస్తుందో నీకు బాగా తెలుసన్నమాట అన్నారట. జాగ్రత్తగా పెంచడమే మా తప్పయింది.”

సాలేహా లేచి నిలబడింది. ఆమె ఎస్సైగా పనిచేసి, ఉద్యోగం మానేసి, 2001లో పటమటలో ఈ డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టింది. ఈ రెండేళ్లలో రామకోటేశ్వరరావుతో తలపడటం ఆమెకు ఇది మొదటిసారి కాదు. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో శిక్షణ పొందారు. అతనికి మొదట దొరికిన జవాబే సరైన జవాబు. సాలేహాకు మొదట దొరికిన జవాబు మీద ఎప్పుడూ నమ్మకం కుదరదు.

అలీని తన ఆఫీసులోనే కూర్చోమని చెప్పి ఆమె ఆ గదికి బయలుదేరింది.

మెట్లు ఎక్కుతుండగానే పైన సీఐ గొంతు వినబడింది. అర్హాన్‌ను వెంటబెట్టుకుని, గదిలో వస్తువులు స్వాధీనం చేసుకునే పని మీద ఉన్నాడు. అర్హాన్ సన్నగా పొడుగ్గా ఉన్నాడు. కానిస్టేబుల్‌కు పక్కగా, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చొక్కా భుజం మీద ఎండిపోయిన వాంతి మరక. స్నేహితుణ్ణి మోసుకెళ్లిన చొక్కానే ఇంకా ఒంటి మీద ఉంది.

“డిపార్ట్‌మెంట్‌ని వదిలేశారు గానీ మా కేసుల్ని మాత్రం వదలడం లేదండీ మీరు” అన్నాడు రామకోటేశ్వరరావు ఆమెను చూసి.

“మీరు అసలు మనిషిని పట్టుకుంటే నేనెందుకు వస్తానండీ?”

సీఐ నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. చూసుకోమన్నట్టు గది వైపు చెయ్యి చూపించాడు. తప్పు పట్టడానికి ఏమీ మిగల్చలేదన్న ధీమా అది.

సాలేహా ముందు ఏ వస్తువునూ ముట్టుకోలేదు. గుమ్మంలో నిలబడి గది అంతా చూసింది. రెండు మంచాలు. అర్హాన్ మంచం దుప్పటి మడిచి ఉంది. సాయిగణేష్ మంచం మీద దిండు నడుమ పెద్ద చారిక. దగ్గరికెళ్లి వంగి చూసింది. తడిసి ఆరిన చెమట, అంచుల్లో ఉప్పు తేలి తెల్లగా ఉంది. ఫ్యాను సరిగ్గా అతని మంచం మీదే తిరుగుతుంది. మంచం కింద బిస్కెట్ ప్యాకెట్ కాగితం. దాన్ని చేత్తో చించలేదు, పళ్లతో పీకినట్టు ఒక మూల నలిగి ఉంది. మంచం దగ్గర నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి మెట్ల మీదుగా కిందికి చీమల బారు సాగుతోంది. సాలేహా వేలితో నేలను అద్ది చూసింది. పంచదార.

ఆమె కిందికి దిగి ఆదెమ్మ వంటింట్లోకి వెళ్లింది. ఆదెమ్మ అరవై దాటిన మనిషి. తన మాట వల్లే కుర్రాణ్ణి పట్టుకుపోయారని అప్పటికే గాబరా పడుతోంది. సాలేహా గొడవ సంగతి అడగలేదు. పొద్దున సాయిగణేష్ ఇక్కడికి వచ్చాడా అని అడిగింది.

వచ్చాడని చెప్పింది ఆదెమ్మ. అర్హాన్ నమాజుకు వెళ్లాక వచ్చాడట. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉందట. ఆకలి ఆకలి అంటూ రాత్రి మిగిలిన అన్నం గిన్నెలోంచే తిన్నాడు. పంచదార డబ్బా తీసి గుప్పెడు నోట్లో పోసుకున్నాడు, ఇంకో గుప్పెడు పట్టుకుపోయాడు. చేతులు వణికి సగం కింద పోశాడు.

“పరీక్ష భయం అనుకున్నానమ్మా. నన్ను పట్టుకుని సాయిశ్రీ, సాయిశ్రీ అని పిలిచాడు. సాయిశ్రీ అంటే వాళ్ల చెల్లెలంట. నిద్ర మత్తులో ఉన్నాడేమోలే అనుకున్నా.”

సీఐ ఆమె వెనకే దిగి వచ్చి గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు.

“చూశారా? మందు మత్తు. మనుషుల్ని కూడా గుర్తుపట్టలేదు.”

“మత్తు మందు మింగినవాడు నిద్రలోకి జారిపోతాడు సీఐ గారూ. ఆకలేసి లేచి వంటింటికి పరుగెత్తడు. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు, తీపి కోసం వెతుకులాట. మా అమ్మ పాతికేళ్లుగా షుగర్ పేషెంట్. ఇది నేను మా ఇంట్లో చూశాను.”

“ఆ కుర్రాడికి షుగర్ లేదు. వాళ్లమ్మను అడిగాను.”

“అందుకే భయంగా ఉంది.”

పైకి వెళ్లి సాలేహా అర్హాన్ ఎదురుగా నిలబడింది. వాళ్ల నాన్న పంపాడని చెప్పింది.  నిన్న సాయంత్రం గొడవ దేనికని అడిగింది.

“మాత్రల గురించేనండి” అన్నాడు అర్హాన్. “పరీక్ష ముందు రోజు వాడు ఒక మాత్ర వేసుకుని పడుకుంటాడు. ప్రతి పరీక్షకూ అంతే. నిన్న బాగా టెన్షన్‌గా ఉందని మూడు తీశాడు. నాకూ ఒకటి ఇవ్వబోయాడు. దాని అసలు పేరేంట్రా అని అడిగాను. మా అమ్మ ఇచ్చింది, అమ్మ ఇచ్చినదానికి పేరెందుకురా అన్నాడు. పేరు తెలియకుండా అది మింగితే చస్తావురా అన్నాను. నవ్వి, మూడూ నోట్లో వేసుకున్నాడు.”

“ఈ సంగతి సీఐ గారికి చెప్పావా?”

“చెప్పానండి. డబ్బా కూడా చూపించాను.”

సీఐ ఆ డబ్బా చూశానని ఒప్పుకున్నాడు. అల్మరాలో ఉంది, తీసి చూపించాడు. ఊరందరూ కొనుక్కునే బలం మాత్రల డబ్బా. ప్లాస్టిక్‌ది. పైన రంగు కాగితం మీద పేరు అచ్చువేసి ఉంది. బలం మాత్రలు మూడు కాదు ముప్ఫై మింగినా ఎవడూ పడిపోడని అతని వాదన. అందుకే దాన్ని వదిలేశాడు.

మూత మీద ఎర్రటి బొట్టుబిళ్ల ఒకటి అంటించి ఉంది. సాలేహా మూత తీసింది. సీఐ కాగితం చదివాడు గానీ మూత తీయలేదు. లోపల చిన్న చిన్న తెల్ల మాత్రలు. ప్రతిదాని నడుమా సన్నటి గీత.

“బలం మాత్రలు తెల్లగా ఇంత చిన్నగా ఎప్పుడైనా చూశారా?”

సీఐ ముఖంలో రంగు మారింది. వెంటనే సర్దుకుని, అయితే ఇది సాక్ష్యం అనీ, సీలు వేసి ల్యాబుకు పంపిస్తాననీ చెయ్యి చాచాడు. సాలేహా డబ్బా ఇవ్వలేదు.

“ల్యాబు రిపోర్టు వచ్చేలోపు ఆ కుర్రాడు ఉంటాడో లేదో తెలియదు. మీరు వాణ్ణి పడేసింది ఫిట్స్ మాత్రలని చెప్పారు కాబట్టి ఆస్పత్రిలో దానికే వైద్యం చేస్తూ ఉంటారు. డబ్బా మీ చేతిలోనే పెట్టుకోండి. కానీ ముందు డాక్టర్ దగ్గరికి పదండి. అర్హాన్‌ను కూడా తీసుకురండి. నా మాట తప్పయినా వాడు ఎటూ పారిపోడు, మీ జీపులోనే ఉంటాడు.”

రామకోటేశ్వరరావు మొండివాడే గానీ చావు బతుకుల దగ్గర పంతానికి పోయే మనిషి కాదు. డబ్బా అందుకుని మెట్లు దిగాడు.

ఆస్పత్రిలో డాక్టర్ సొలొమోను వాళ్లను చూడగానే ఐసీయూ బయటికి వచ్చాడు. ఆయన ముఖంలో అలసట కన్నా అయోమయమే ఎక్కువగా ఉంది. కుర్రాణ్ణి తెచ్చినప్పుడు రక్తంలో చక్కెర బాగా పడిపోయి ఉందట. గ్లూకోజు ఎక్కించగానే కళ్లు తెరిచి అమ్మా అన్నాడు. సరే, తిండి తినక నీరసించాడనుకుని, పోలీసులు చెప్పిన ఫిట్స్ మాత్రల సంగతి చూస్తూ ఉంటే, మళ్లీ చక్కెర పడిపోయింది. మళ్లీ ఎక్కించారు. మళ్లీ పడిపోతోంది.

“అడుగున చిల్లు పడ్డ కుండలో నీళ్లు పోస్తున్నట్టుందండీ” అన్నాడాయన. “ఎక్కడ పోతోందో తెలిస్తే ఆపుతాను.”

ఐసీయూ ఎదురుగా బెంచీ మీద సాయిగణేష్ తల్లి ఛాయాదేవి ఒక్కతే కూర్చుని ఉంది. మంచి నేత చీర, నలిగిన ముఖం. భర్త వెంకటసుబ్బారావుకు మైలవరంలో ఎరువుల దుకాణం ఉంది. పొద్దున్నే కబురు తెలిసి ఇద్దరూ కారులో వచ్చారు. ఇంట్లో ఒంటరిగా ఉన్న కూతుర్ని తీసుకురావడానికి అతను మళ్లీ మైలవరం వెళ్లాడు.

సాలేహా ఆమె పక్కన కూర్చుంది. తను ఎవరో చెప్పింది. సీఐ చేతిలోంచి డబ్బా తీసుకుని ఆమె ఒళ్లో పెట్టింది.

“ఇవేమిటండీ?”

“బలం మాత్రలండీ” అంది ఛాయాదేవి. మరీ త్వరగా అంది.

“అమ్మా, డాక్టర్‌గారు లోపల చీకట్లో తడుముకుంటున్నారు. మీరు దీపం దాచిపెడుతున్నారు.”

ఛాయాదేవి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నిజం చెప్పింది. అవి నిద్ర మాత్రలు. తనకు నిద్ర పట్టడం లేదని డాక్టర్ రాసిచ్చినవి. సాయిగణేష్ పదో తరగతి పరీక్షలప్పుడు రాత్రంతా మంచం మీద దొర్లుతుంటే చూడలేక తన మాత్రలో సగం ఇచ్చింది. హాయిగా నిద్రపోయాడు, మార్కులు బాగా వచ్చాయి. ఆ తర్వాత ఇంటర్‌కు, ఎంసెట్‌కు, ఇప్పుడు ప్రతి సెమిస్టర్‌కు. పట్టీ మీద పేరు చూసి ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని విప్పేసి ఈ డబ్బాలో పోసి ఇచ్చేది.

“బయట ఎక్కడో కొన్నవి కావు కదండీ. నాకు డాక్టర్ రాసినవే. నేను రోజూ వేసుకునేవే. తల్లిని, నా బిడ్డకు కానిది పెడతానా?”

“సగం ఇచ్చానన్నారు. సగం ఎలా చేసేవారు?”

ఆ ప్రశ్న ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. బ్లేడుతో కోసేదాన్నని, ఒక్కోసారి పొడి అయిపోయేదని చెప్పింది.

సాలేహా డబ్బాలోంచి ఒక మాత్ర తీసి గీత మీద గోరు పెట్టి నొక్కింది. మాత్ర రెండు సమాన ముక్కలై ఆమె అరచేతిలో పడింది.

“గీత ఉన్న మాత్రకు బ్లేడు ఎందుకండీ?”

ఛాయాదేవి ఆ ముక్కల వంక చూసింది. తర్వాత తన హ్యాండ్‌బ్యాగు తెరిచి నిద్ర మాత్రల పట్టీ బయటికి తీసింది. ఒక మాత్ర పట్టీలోంచి ఊడదీసి పక్కన పెట్టింది. అదీ తెల్లగానే ఉంది, దాదాపు అంతే ఉంది. కానీ నున్నగా ఉంది. గీత లేదు.

“ఇవి నావి కావు” అందామె. ఆ తర్వాత మాట పూర్తిగా గుసగుసలా వచ్చింది. “ఇవి ఆయన షుగర్ మాత్రలు.”

డాక్టర్ సొలొమోను ఆ మాట పూర్తిగా వినలేదు కూడా. ముక్కలు తీసుకుని చూసి, లోపలికి పరుగెత్తాడు. తలుపు మూసుకునే లోపల ఆయన నర్సుతో అంటున్నది వినబడింది. గ్లూకోజు ఆపొద్దు, రేపటిదాకా ఒక్క నిమిషం కూడా ఆపొద్దు, ఈ మందు ఒంట్లోంచి పోయేదాకా చక్కెర చూస్తూనే ఉండాలి.

సీఐ తన టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. అర్హాన్ వంక చూడలేదు. కానీ ఓటమి ఒప్పుకునే మనిషి కాదు కాబట్టి వెంటనే ఇంకో దారి పట్టాడు. పొరపాటున డబ్బాలు మారాయా అని ఛాయాదేవిని అడిగాడు. మారే వీలే లేదందామె. ఆదివారం కొడుకు ఇంటికి వచ్చినప్పుడు రెండు డబ్బాలు తనే నింపింది. పట్టీలు చింపడం ఆయనకు చికాకు కాబట్టి ఆయనవీ అలాగే పోస్తుంది. డబ్బాలు ఒకేలా ఉంటాయని గుర్తు కోసమే కొడుకు డబ్బా మూత మీద బొట్టుబిళ్ల అంటించింది. కొడుక్కి ఇచ్చింది బిళ్ల ఉన్నదే.

“అంటే ఎవరో కావాలనే మార్చారన్నమాట” అన్నాడు సీఐ. “ఈ కుర్రాడు కాకపోతే మీ ఇంట్లో మనిషే. ఆ రెండు డబ్బాల దగ్గరికి మీరు కాక ఇంకెవరు వెళ్లారు?”

సాలేహా వాళ్ల మాటలు వినడం లేదు. ఎవరు మార్చారన్నది తర్వాత సంగతి. అంతకన్నా ముందు ఆలోచించాల్సిన విషయం ఒకటి ఆమె మనసులో మెదిలింది. తండ్రి మాత్రలు కొడుకు డబ్బాలో ఉన్నాయి. మరి కొడుకు డబ్బాలో ఉండాల్సిన మాత్రలు ఎక్కడున్నాయి?

“మీవారి డబ్బా ఎక్కడుందండీ?”

“ఆయన జేబులోనే. పొద్దున ఇక్కడే టీ తాగుతూ రెండు వేసుకున్నారు. ఆదివారం నుంచీ ఒకటే మగతగా ఉంటున్నారండీ, దాహం, నీరసం. దుకాణంలో కూర్చుని కునుకుతున్నారు. షుగర్ పెరిగి ఉంటుందని ఒకటి ఎక్కువ వేసుకుంటున్నారు.”

“కారు డ్రైవర్ నడుపుతున్నాడా?”

“లేదండీ. ఆయనే.”

ఆ మాట అంటూ ఉండగానే ఛాయాదేవికి కూడా అర్థమైంది. లేచి నిలబడబోయి మళ్లీ కూలబడింది. అర్హాన్ పరుగున వెళ్లి ఆమెను పట్టుకున్నాడు. కానిస్టేబుల్ అతన్ని ఆపబోతే సీఐ వద్దన్నట్టు సైగ చేశాడు.

ఛాయాదేవి చెబుతుంటే సీఐ సెల్‌ఫోన్ మీద వెంకటసుబ్బారావు నంబరు సాలేహాయే నొక్కింది. చాలాసేపు మోగింది. ఆగిపోతుందనుకునే సమయానికి ఒక ఆడపిల్ల గొంతు పలికింది.

“హలో, నేను సాయిశ్రీనండి. నాన్న డ్రైవింగ్‌లో ఉన్నారు.”

సాలేహా తన గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంది. అమ్మ దగ్గర్నుంచి మాట్లాడుతున్నానని, పేరు సాలేహా అని చెప్పి, ఎక్కడున్నారని అడిగింది. కొండపల్లి దాటలేదట. నాన్న ఎలా ఉన్నాడని అడిగితే ఆ పిల్ల గొంతు తగ్గించింది.

“ఊరికే తూలుతున్నారు ఆంటీ. ఇందాక కారు రోడ్డు దిగిపోయింది. నేను అరిస్తే మళ్లీ తిప్పారు. ముందూ వెనకా థర్మల్ ప్లాంటు బూడిద లారీలు.”

“సాయిశ్రీ, నేను చెప్పినట్టు చెయ్యి. నాన్నను కోప్పడకు, భయపెట్టకు. వాంతి వస్తోంది, ఇక్కడే ఆపమని చెప్పు. ఫోన్ పెట్టెయ్యకు.”

ఆ పిల్ల చెప్పడం వినబడింది. తండ్రి ముద్ద ముద్దగా ఏదో గొణిగాడు. ఒక లారీ హారన్ చెవులు పగిలేలా మోగింది, చక్రాలు కంకర మీద జర్రున జారిన చప్పుడు. తర్వాత ఇంజను ఆగిపోయింది.  ఛాయాదేవి సాలేహా ముఖంలోకే చూస్తోంది.

“ఆగింది ఆంటీ” అంది సాయిశ్రీ ఏడుస్తూ. “నాన్న స్టీరింగ్ మీద తల పెట్టేసుకున్నారు. పిలిస్తే లేవట్లేదు. ఊపిరి తీస్తున్నారు.”

తాళంచెవి తీసేయమని, నాన్న తల పక్కకు తిప్పి పెట్టమని సాలేహా చెప్పింది. అతను మింగింది నిద్ర మాత్రలే కాబట్టి, కారు ఆగింది కాబట్టి, ఇక గండం గడిచినట్టేనని ఛాయాదేవికి చేత్తో సైగ చేసింది. సీఐ అప్పటికే వైర్‌లెస్‌లో కొండపల్లి వైపు ఉన్న జీపును ఆ కారు కోసం పంపమంటున్నాడు. సాలేహాను చూసి, మనమూ బయలుదేరదాం అన్నాడు. ఇద్దరూ మెట్లు దిగుతున్నారు. సాలేహా ఫోన్ చెవి దగ్గర నుంచి తీయలేదు.

“అన్నయ్యకు ఏమైంది ఆంటీ? నాన్న సరిగ్గా చెప్పలేదు.”

“మీ అన్నయ్య, నాన్న మాత్రలు మారిపోయాయమ్మా. ఆ డబ్బాలు ఆదివారం ఎవరైనా తీశారా, నీకేమైనా తెలుసా?”

 సాలేహా జీపు ఎక్కింది. జీపు కదిలింది.

“ఫోన్ అమ్మకు ఇవ్వకండి ఆంటీ.”

“అమ్మ నా పక్కన లేదు. చెప్పు.”

ఆ పిల్ల చెప్పింది. ఆదివారం అమ్మ రెండు డబ్బాలూ నింపి, మూతలు పెట్టకుండానే పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్లింది. సాయిశ్రీ ఒక డబ్బాలోంచి గుప్పెడు మాత్రలు తీసుకుంది. అమ్మ వస్తున్న అలికిడి విని, తీసినట్టు తెలియకూడదని గబగబా రెండింటికీ మూతలు పెట్టేసింది. అమ్మ తనే మూతలు పెట్టి వెళ్లాననుకుంది.

“నీకెందుకమ్మా అవి?”

“ఇంటర్ ఫస్టియర్ పరీక్షలప్పుడు నాక్కూడా అమ్మే ఇచ్చింది ఆంటీ. అన్నయ్య పరీక్షలప్పుడే వేసుకుంటాడు. నాకు అలా కుదరలేదు. అవి లేకపోతే నిద్ర పట్టడం లేదు. ఏడాదైంది. అమ్మకు తెలియదు.”

సాలేహా కళ్లు మూసుకుంది. ఆ పిల్ల బొట్టుబిళ్ల మూత పెట్టింది తను మాత్రలు తీసుకున్న డబ్బాకే. అది అన్నయ్య డబ్బా అనుకుంది కాబట్టి. కానీ అందులో ఉన్నవి నిద్ర మాత్రలు కావు.

“సాయిశ్రీ, నువ్వు ఆదివారం తీసుకున్న మాత్రలు వేసుకున్నావా?”

“నిన్నటిదాకా పాతవే ఉన్నాయి. పొద్దున నాన్న ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి అన్నయ్యకు బాగాలేదని చెప్పగానే భయమేసింది ఆంటీ. ఏడుపు ఆగలేదు. అవి వేసుకుంటే నెమ్మదిస్తుందని...”

“ఎన్ని?”

“నాలుగు.”

“పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?”

“లేదు.”

సాలేహా సీఐ భుజం తట్టి, ఇంకా వేగంగా పోనివ్వమని డ్రైవర్ వైపు చూపించింది. అతను ఆమె ముఖం చూసి కారణం అడగకుండానే సైరన్ వేయించాడు. కారులో తినడానికి ఏముందని ఆమె సాయిశ్రీని అడిగింది. ఏమీ లేదట. రోడ్డు మీద ఏదైనా దుకాణం కనబడుతోందా అంటే, కొంచెం అవతల టీ కొట్టు ఉందని చెప్పింది.

“ఫోన్ పట్టుకునే కారు దిగు తల్లీ. రోడ్డు చూసుకుని దాటు. ఆ కొట్లో పంచదార అడుగు. ఎంత ఇస్తే అంత నోట్లో పోసుకో. నేను మాట్లాడుతూనే ఉంటాను, నువ్వూ మాట్లాడుతూ ఉండు.”

కారు తలుపు తెరుచుకున్న చప్పుడు. గాలి. లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్న హోరు. ఆ పిల్ల ఊపిరి బరువుగా, దగ్గరగా వినబడుతోంది.

“దిగావా?”

“ఆఁ.”

“కొట్టు వైపు నడు. నడుస్తున్నావా?”

జవాబు రాలేదు. సాలేహా మళ్లీ పేరు పెట్టి పిలిచింది. ఇంకోసారి పిలిచింది. సీఐ వెనక్కి తిరిగి ఆమెనే చూస్తున్నాడు.

చివరికి సాయిశ్రీ పలికింది. ఏడుపు లేదు, భయం లేదు. నిద్రలోంచి లేచిన పసిపిల్ల గొంతులా ఉంది.

“మీరెవరండీ?”